అన్న స్విఫ్ట్‌కి ఏ క్లచ్ వేయాలి?

బాల్కొండలో ఉండే మా పెదనాన్న కొడుకు దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ ఉంది. 1.3 లీటర్ల టర్బో ఇంజిన్. కంపెనీ లెక్క ప్రకారం 75 పీఎస్ పవర్, 2000 ఆర్పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రూల్స్ వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి, ఇట్లాంటిది కావాలంటే ఇప్పుడు సెకండ్ హ్యాండే దిక్కు. పోయినేడు అన్న దీని ఈసీయూని రీమ్యాప్ చేయించాడు. చేసినవాళ్లు ఇచ్చిన కాగితం మీద 240 న్యూటన్ మీటర్లు అని ఉంది. నాలుగు నెలలు బాగా నడిచింది. ఆ తర్వాత హైవే మీద ఐదో గేర్‌లో గట్టిగా తొక్కితే ఆర్పీఎం ముల్లు పైకి లేస్తోంది గానీ స్పీడు పెరగట్లేదు. అంటే క్లచ్ జారుతోంది.

ఒక షాపువాళ్లు సిరామిక్ ప్లేటు, దాని మీద బాగా గట్టి ప్రెషర్ ప్లేటు వేయమన్నారు. "ఇగ జన్మల జారది" అన్నారట. పసుపు అమ్మిన పైసల్లోంచి పెట్టాలి కాబట్టి అన్న నాకు ఫోన్ చేశాడు: "నువ్వు ఇంజినీరింగే కదరా, జర చూసి చెప్పు." నేను చదివేది కంప్యూటర్ సైన్స్ అని ఆయనకి తెలుసు. మన ఊళ్లల్లో ఇంజినీరింగ్ అంటే మిక్సీ నుంచి రాకెట్ దాకా అన్నీ వస్తాయి. సరే, హాస్టల్లో మెకానికల్ వాళ్ల పుస్తకాలు తెచ్చుకుని కూర్చున్నా. అందులో నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే మన కాలేజీ పార్కింగ్‌లోనే రీమ్యాప్ చేయించిన టర్బో కార్లు నాలుగైదు కనిపిస్తున్నాయి.

మొదట తెలుసుకోవాల్సింది: క్లచ్‌కి పవర్‌తో పని లేదు, టార్క్‌తోనే పని. 2018 పెట్రోల్ స్విఫ్ట్ చూడండి. 83 పీఎస్, అంటే డీజిల్ కంటే పవర్ ఎక్కువే. కానీ టార్క్ 113 న్యూటన్ మీటర్లు మాత్రమే. డీజిల్‌ది 190. తక్కువ పవర్ ఉన్న బండికే గట్టి క్లచ్ కావాలి! టర్బో చేసే పని ఇదే. కింది ఆర్పీఎంలోనే గాలి నింపి టార్క్‌ని ఒక్కసారిగా పైకి లేపుతుంది. అందుకే "నా బండి చిన్నదే, పవర్ ఎంతుందని" అనుకునేవాళ్ల క్లచ్‌లే ముందు పోతాయి. మీ రీమ్యాప్ కాగితంలో పీఎస్ పక్కన పెట్టి, టార్క్ ఎంత, ఏ ఆర్పీఎంలో వస్తోంది అన్నది చూడండి.

ఇప్పుడు క్లచ్ ఎంత టార్క్ ఆపగలదు? ఫ్లైవీల్‌కీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది, రెండు అరచేతుల మధ్య జొన్నరొట్టె ఉన్నట్టు. రెండు పక్కలా రాపిడి ఉంది కాబట్టి లెక్క ఇట్లా వస్తుంది:

టార్క్ = 2 × ఘర్షణ గుణకం × బిగింపు బలం × సగటు వ్యాసార్థం

(ఘర్షణ గుణకం అనే మాట అమ్మని అడిగి రాశాను. ఆమెది తెలుగు మీడియం. నేను స్కూల్లో దీన్ని గ్రీకు అక్షరంగానే ఎరుగుదును.)

లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఇవి స్విఫ్ట్ కంపెనీ అంకెలు కావు, ఆ సైజుకి దగ్గరగా నేను పెట్టుకున్నవి. ప్లేటు బయటి వ్యాసం 200 మిల్లీమీటర్లు, లోపలిది 140. సగటు వ్యాసార్థం 85 మిల్లీమీటర్లు, అంటే 0.085 మీటరు. మామూలు ఆర్గానిక్ ప్లేటుకి ఘర్షణ గుణకం 0.3. బిగింపు 5000 న్యూటన్లు. గుణిస్తే 255 న్యూటన్ మీటర్లు. 190 ఇచ్చే ఇంజిన్‌కి ఇది హాయిగా సరిపోతుంది. 240కి కూడా కాగితం మీద సరిపోయినట్టే ఉంది కదా? కానీ క్లచ్ వేడెక్కితే గుణకం పడిపోతుంది. 0.25కి పడిందనుకోండి, అదే క్లచ్ ఇప్పుడు 212 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఇంజిన్ 240 తోస్తోంది. జారుతుంది.

జారడం మొదలైతే దానంతట అది ఆగదు, ఇదే అసలు ప్రమాదం. 200 న్యూటన్ మీటర్ల టార్క్‌తో, 500 ఆర్పీఎం తేడాతో జారుతోందంటే దాదాపు పది కిలోవాట్ల వేడి పుడుతున్నట్టు. మన హాస్టల్లో ఉండే రెండు కిలోవాట్ల గీజర్లు ఐదు, ఒక చిన్న ఇనప డబ్బాలో పెట్టి ఆన్ చేసినట్టు. ఆ వేడికి గుణకం ఇంకా పడుతుంది, ఇంకా జారుతుంది, ఇంకా వేడి. కోడ్‌లో ఆగే షరతు రాయని లూప్‌లాంటిది. తేడా ఏందంటే ఇది కాలిన వాసనతో తనే ఆగుతుంది, ఎక్కువగా నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడే.

ఫార్ములాలో మనం మార్చగలిగినవి మూడు, మూడింటికీ ధర ఉంది.

బిగింపు పెంచితే, అంటే గట్టి స్ప్రింగు ఉన్న ప్రెషర్ ప్లేటు వేస్తే, పెడల్ కూడా దాదాపు అంతే గట్టిపడుతుంది. ఇది చిన్న విషయం కాదు. ఈ కారుని రోజూ నడిపేది అన్న కాదు, వదిన. ఆర్మూర్‌లో టీచర్. పొద్దున మామిడిపల్లి చౌరస్తా దగ్గర ట్రాక్టర్లూ ఆటోలూ బస్సుల మధ్య ఎన్నిసార్లు క్లచ్ తొక్కాలో అక్కడ ఒక్కసారి నిలబడితే తెలుస్తుంది. వదినకి ఎడమ మోకాలు ముందునుంచే నొప్పి. షాపువాళ్లు చెప్పిన సెట్‌లో బిగింపు 40 శాతం ఎక్కువ. పెడల్ ఎవరు తొక్కుతారు అని వాళ్లు అడగనే లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

ఘర్షణ గుణకం పెంచాలంటే ప్లేటు మెటీరియల్ మార్చాలి. సిరామిక్ అని షాపుల్లో అనేది సిరామిక్, లోహపు పొడి కలిపి కాల్చిన ముక్కలు. గుణకం 0.4 దాకా వస్తుంది, వేడికి తట్టుకుంటుంది. కానీ హాఫ్ క్లచ్‌ని ఒప్పుకోదు. మెల్లగా వదిలినా దబుక్కున పట్టుకుని బండి మొత్తం వణుకుతుంది. ఫ్లైవీల్‌ని కూడా తొందరగా తినేస్తుంది. రేసు ట్రాక్ మీద ఒకసారి బయలుదేరితే మళ్లీ ఆగే పని లేదు కాబట్టి అక్కడ నడుస్తుంది. బోధన్ రోడ్డు మీద చెరుకు లోడు ట్రాక్టర్ వెనక, మనిషి నడిచే స్పీడులో మూడు కిలోమీటర్లు పోవాల్సొచ్చినవాడికి ఇది శిక్ష. కెవ్లార్ రకం ప్లేట్లు మెత్తగా పట్టుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి గానీ సెట్ కాకముందే వేడెక్కిస్తే నున్నగా మెరుగెక్కి పట్టు పోతుంది.

మూడోది వ్యాసార్థం, అంటే పెద్ద ప్లేటు. అన్నిటికంటే తెలివైన దారి ఇదే, ఎందుకంటే పెడల్ గట్టిపడకుండానే పట్టు పెరుగుతుంది. ఇదే 1.3 ఇంజిన్ ఎర్టిగా, బ్రెజాల్లో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లతో వచ్చింది. ఏ కారుకైనా అదే ఇంజిన్ ఇంకా గట్టి వెర్షన్‌లో వచ్చిందా, దాని క్లచ్ మనకి కూర్చుంటుందా అన్నది ముందు చూడాలి. ఫ్లైవీల్ కొలత, బోల్టు రంధ్రాలు, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల సంఖ్య, అన్నీ కలవాలి. "సేమ్ ఇంజినే అన్నా, కూర్చుంటది" అనే మాట మీద డబ్బులు కట్టొద్దు. పార్ట్ నంబర్లు చూడండి.

మళ్లీ మన లెక్కకి వద్దాం. ఆర్గానిక్ ప్లేటే ఉంచి, బిగింపు 20 శాతం పెంచి 6000 న్యూటన్లు చేస్తే? చల్లగా ఉన్నప్పుడు 306, వేడెక్కి 0.25కి పడినా 255. అన్న బండి 240కి చాలు. షాపువాళ్ల సెట్? 0.4 గుణకం, 7000 న్యూటన్లు: 476 న్యూటన్ మీటర్లు! కంపెనీ నుంచి 190తో వచ్చిన కారుకి. ఎక్కువుంటే మంచిదే కదా అంటారు. కాదు. క్లచ్ ఇంట్లో ఫ్యూజులాంటిది కూడా. అది అస్సలు జారకపోతే దెబ్బ వెళ్లి గేర్‌బాక్స్ పళ్ల మీదో డ్రైవ్‌షాఫ్ట్ మీదో పడుతుంది. ఫ్యూజు స్థానంలో మేకు పెట్టినట్టు.

మా సీఎస్ఈ వాళ్లకి నచ్చే దారి ఇంకొకటి ఉంది: హార్డ్‌వేర్ ముట్టకుండా ఫైల్ మార్చడం. 2000 ఆర్పీఎం దగ్గర టార్క్ ఒక్కసారిగా 240కి ఎగరకుండా, కింద 215 దగ్గర ఆపి పైన మెల్లగా పెంచమని రీమ్యాప్ చేసినవాళ్లని అడగొచ్చు. క్లచ్‌కి పడే దెబ్బ తగ్గుతుంది, పైన పికప్ పెద్దగా తగ్గదు. అన్నకి ఈ రెండూ కలిపి చెప్పాను: 20 శాతం గట్టి ప్రెషర్ ప్లేటు, ఆర్గానిక్ ప్లేటు, మధ్యలో స్ప్రింగులున్న హబ్బే ఉండాలి, ఫైల్‌లో కింది టార్క్ తగ్గింపు. వదిన ఒకసారి అట్లాంటి బండి పెడల్ తొక్కి చూసి సరే అన్నాకే ఆర్డర్ ఇచ్చారు.

ఇదంతా చేసేముందు ఒక్కటి మర్చిపోవద్దు. క్లచ్ జారేది ఎప్పుడూ టార్క్ వల్లే కాదు. ఇంజిన్ వెనక సీల్ కారి ప్లేటు మీద ఆయిల్ పడితే ఎంత గొప్ప క్లచ్ వేసినా జారుతుంది. పెడల్‌లో కొంచెం ఖాళీ లేకపోయినా, ఎడమకాలు పెడల్ మీదే పెట్టి నడిపే అలవాటున్నా జారుతుంది. గేర్‌బాక్స్ దించాక సీల్ చూడమనండి, ఫ్లైవీల్ పగుళ్లు చూసి అవసరమైతే లేత్ మీద సాపు చేయించండి, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే మార్చండి. దానికోసమే మళ్లీ గేర్‌బాక్స్ దించితే లేబర్ రెండోసారి కట్టాలి. కొత్తది వేశాక మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు టౌన్లో మామూలుగా తిప్పాలి, గట్టిగా లాగొద్దు, ఘాట్ ఎక్కొద్దు.

పాత ప్లేటు మాత్రం షాపులో వదిలేయకండి, అడిగి చేతిలోకి తీసుకోండి. రెండు పక్కలా సమానంగా అరిగి రివెట్ల దాకా వస్తే దాని ఆయుష్షు తీరినట్టు. తడిగా నల్లగా ఉంటే సీల్. మందం ఇంకా బాగానే ఉండి పైన అద్దంలా మెరుస్తుంటే, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే, అది వేడికి పోయింది. అన్న ప్లేటు మెరుస్తోంది.