ఖాళీ సీసాలు ఏరేవారు



న్యూయార్క్ నగరంలో తెల్లవారకముందే చెత్తసంచుల దగ్గర ఖాళీ డబ్బాలు, సీసాలు ఏరేవారు కనిపిస్తారు. అక్కడ వారిని 'కానర్లు' అంటారు. చైనా నుండి వచ్చిన అవ్వలు, లాటిన్ అమెరికా వలస కూలీలు, నల్లజాతివారు, పింఛను చాలని ముసలివారు, గూడు లేనివారు వారిలో ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు.

ఈ పనికి ఆధారం ఒక చట్టం. 1982లో చేసిన ఆ చట్టం 1983లో అమలులోకి వచ్చింది. సోడా, బీరు కొన్నవారు సీసాకు 5 సెంట్లు అదనంగా కట్టాలి. ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. 2009లో నీళ్ల సీసాలను కూడా చేర్చారు. కొన్నవారు వద్దనుకుని పారవేసిన ఆ 5 సెంట్లే కానరుకు కూలి. వంద డబ్బాలు ఏరితే 5 డాలర్లు! 2023కి నలభై ఏళ్లు నిండినా ఆ 5 సెంట్లు 5 సెంట్లుగానే ఉన్నాయి. తొలినాటి విలువ నిలవాలంటే అప్పటికి దాదాపు 15 సెంట్లు కావాలి.

2007లో అనా మార్తినెస్ దె లూకో అనే స్పెయిన్ దేశపు మఠకన్య మరికొందరితో కలిసి 'ష్యూర్ వీ కెన్' అనే సంస్థను స్థాపించారు. ఆమె తానూ డబ్బాలు ఏరినవారే. ('కెన్' అంటే 'చేయగలం' అని, 'డబ్బా' అని రెండర్థాలు. మంచి పేరే పెట్టారు!) బ్రూక్లిన్‌లోని వారి ఆవరణకు కానర్లు సరుకు తెచ్చి, కంపెనీలవారీగా, రకాలవారీగా వేరు చేసి సొమ్ము తీసుకుంటారు.

లేవీయకాండము 19వ అధ్యాయం పొలంలో పరిగెను పేదలకు వదలమంటుంది. రూతు ఏరుకున్నది ఆ పరిగెనే. అది బిచ్చం కాదు, హక్కు. 1981లో రెండవ జాన్ పౌల్ జగద్గురువులు శ్రమపై వ్రాసిన విశ్వలేఖలో పని గౌరవానికి మూలం చేసే పని కాదు, చేసే మనిషే అని బోధించారు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు ఈ విషయం మీద వ్యాసం వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

అయినా ఒకసారి విచారణ పండుగ మరునాడు గుడి ఆవరణలో సీసాలు ఏరుతున్న ఒక తల్లిని, "అమ్మా, ముందు గేటు నుండి రాకు" అన్నాను. ఆమె సంచి భుజాన వేసుకుని మాట్లాడకుండా వెళ్లిపోయింది.

మరుసటి పండుగకు సీసాలన్నీ కడిగించి, గోనెసంచిలో కట్టి, ముందు గేటు దగ్గరే పెట్టించాను. మూడు రోజులు చూశాను. ఆమె రాలేదు.