ప్రజారోగ్య పరీక్షాశాలలు

గోదావరీ డెల్టా నీటిమీద బ్రదుకు సీమ. 1852వ సంవత్సరమున ధవళేశ్వరము కడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు నదీజలమును నలుదెసలకు కొనిపోయి, కరవు కాటకములకు లోనైన భూములను పచ్చని వరిచేలుగా మార్చినవి. అన్నము పెట్టిన ఆ నీరే శ్రద్ధ తప్పినచోట రోగమును గూడ తెచ్చి పెట్టును. పల్లపు నేలలో మురుగు త్వరగా పారదు. నిలిచిన మురుగులో దోమ గ్రుడ్లు పెట్టును. వరద వచ్చినపుడు బావులలోనికి మలినము చేరును. కావున ఈ సీమలో ప్రజల ఆరోగ్యమును కాపాడుట వైద్యుని మందుపెట్టె యొక్కదానితో తీరెడి పని కాదు. రోగము ఎచ్చటనుండి వచ్చుచున్నదో, ఎవరి శరీరమున దాగియున్నదో ముందుగా తెలియవలెను. అది తెలుపునదే ప్రజారోగ్య పరీక్షాశాల.

ఆసుపత్రిలోని పరీక్షాశాలకును దీనికిని భేదము కలదు. ఆసుపత్రికి రోగి తానై వచ్చును. అచ్చట చేయు పరీక్ష ఆ యొక్కని బాధకు కారణము నెరుగుటకే. ప్రజారోగ్య పరీక్షాశాలకు ఊరంతయు నొక రోగి వంటిది. అది ఆరోగ్యవంతుల రక్తమును, త్రాగెడి నీటిని, తినెడి కూరగాయలను, గోడమీద వ్రాలిన దోమను గూడ పరీక్షించును. బాధ పైకి కనబడక పూర్వమే ప్రమాదమును పసిగట్టుట దాని లక్ష్యము.

ఇందులకు బోదకాలు వ్యాధి చక్కని నిదర్శనము. గోదావరీ మండలములలో ఈ వ్యాధి తరతరములుగా ప్రజలను పీడించినది. కాలు ఏనుగు పాదమువలె వాచి, చర్మము మొద్దుబారి, పనిపాటులకు పనికిరాకుండ మనుష్యుని కృశింపజేయును. పురుషులలో వరిబీజము కలుగుటయు కలదు. ఒకసారి పూర్తిగా రూపు మారిన కాలు తిరిగి మునుపటివలె నగుట దుర్లభము. వ్యాధిగ్రస్తుడు ప్రాణము కోల్పోకున్నను బ్రదుకుతెరువు కోల్పోవును. నలుగురిలోనికి వచ్చుటకు సిగ్గుపడి ఇంటనే ముడుచుకొని యుండును.

ఈ వ్యాధికి మూలము సన్నని దారము వంటి పురుగులు. అవి మనుష్యుని రసనాళములలో కాపురముండి, ఏండ్ల తరబడి లెక్కలేనన్ని పిల్లపురుగులను రక్తములోనికి విడుచుచుండును. పిల్లపురుగు కంటికి కానరాదు. దానిని సూక్ష్మదర్శినితో మాత్రమే చూడగలము. 1872వ సంవత్సరమున కలకత్తాలో తిమోతీ లూయిస్ అను వైద్యుడు మనుష్యుని రక్తమున ఈ పిల్లపురుగులను గుర్తించెను. 1877లో చైనా దేశమందలి అమోయ్ పట్టణమున ప్యాట్రిక్ మాన్సన్ అను మరియొక వైద్యుడు, పిల్లపురుగులు గల మనుష్యుని కుట్టిన దోమలను కోసి చూచి, ఆ పురుగులు దోమ శరీరములో పెరుగుచుండుట కనిపెట్టెను. కాని దోమ నీటిలో పడి చచ్చినపుడు ఆ నీటిని త్రాగుటవలన వ్యాధి వచ్చునని ఆయన భావించెను. 1900లో జార్జి లో అను శాస్త్రజ్ఞుడు ఎదిగిన పురుగు దోమ తొండమునందే యుండుట చూపెను. దోమకాటే వ్యాధికి ద్వారమని అప్పుడు తేటపడెను. నీరు మరుగబెట్టి త్రాగుట మంచిదే యైనను దానివలన బోదకాలు ఆగదు. దోమను అడ్డగించినగాని వ్యాధి ఆగదు. పరీక్షాశాలలో తేలిన ఒక చిన్న నిజము ఊరు చేయవలసిన పనినే మార్చివేసినది.

ఈ పిల్లపురుగులకు ఒక వింత స్వభావము కలదు. పగటివేళ అవి ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగియుండును. రాత్రి పొద్దుపోయిన పిమ్మట చర్మమునకు చేరువగా నున్న రక్తములోనికి వచ్చును. మురుగునీటిలో పుట్టెడి క్యూలెక్స్ దోమ మనుష్యులను కుట్టునది గూడ రాత్రియందే. అందువలన పగలు తీసిన రక్తమున పురుగు కనబడక, వ్యాధి లేదని పొరబడుటకు అవకాశము కలదు. ఈ కారణముచేతనే బోదకాలు పరీక్షకై ఆరోగ్య సిబ్బంది ఊరు నిద్రించువేళ దీపములు చేతబట్టి ఇల్లిల్లు తిరుగుదురు.

నిద్రనుండి లేపిన మనుష్యుని వ్రేలి కొనను చిన్న సూదితో గ్రుచ్చి, ఒక చుక్క రక్తమును గాజుపలకపై మందముగా పూయుదురు. పలకపై ఇంటి గుర్తును, వ్యక్తి గుర్తును వ్రాయుదురు. రక్తము ఆరిన పిమ్మట పరీక్షాశాలలో నీటితో దాని ఎఱ్ఱదనమును పోగొట్టి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని క్రింద నుంచుదురు. పలకను ఒక అంచునుండి మరియొక అంచువరకు వరుసగా చూచి, కనబడిన పిల్లపురుగులను లెక్కింతురు. ఈ పని ఓపికతో కూడినది. చూచువాని కన్ను ఒక్క క్షణము ఏమరినచో, పురుగు గల మనుష్యుడు పురుగు లేనివానిగా లెక్కలోనికి ఎక్కును. అతడు మందు పుచ్చుకొనడు. అతనిని కుట్టిన దోమ పొరుగింటి బిడ్డను గూడ కుట్టును.

పిల్లపురుగులు గలవారిలో అనేకులకు కాలు వాపుగాని, జ్వరముగాని యుండదు. వారు ఆరోగ్యవంతులవలె పొలమునకు పోవుదురు, బడికి పోవుదురు. తమ వలన ఇతరులకు వ్యాధి వ్యాపించుచున్నదని వారికే తెలియదు. వాచిన కాలు గలవానిని చూచి జనులు భయపడుదురు. కాని ఆతనిని తాకుటవలన వ్యాధి రాదు. పైకి ఏమియు కనబడని మనుష్యుని రక్తమందే ప్రమాదము దాగియుండవచ్చును. ఈ తారతమ్యమును ఎరిగించునది పరీక్షాశాల. అది వ్యాధిని బయటపెట్టుటయే గాక, నిష్కారణమైన అపనిందను గూడ తొలగించును.

భారత ప్రభుత్వము 1955లో జాతీయ బోదకాలు నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. జాతీయ వ్యాధి నియంత్రణ సంస్థకు రాజమహేంద్రవరమున ఒక శాఖ కలదు. బోదకాలు వ్యాధిని గూర్చిన శిక్షణకును పరిశోధనకును అది కేంద్రము. ఇట్టి కేంద్రములలో రక్తపరీక్షతో బాటు దోమల పరీక్షయు నేర్పుదురు. ఇండ్లలో వ్రాలిన దోమలను గొట్టములతో పట్టి తెచ్చి, సన్నని సూదులతో కోసి, వాని లోపల పురుగులున్నవో లేవో చూతురు. దోమలలో ఎదిగిన పురుగులు కనబడినచో వ్యాధి ఇంకను ఆ వీధిలో తిరుగుచున్నదని అర్థము.

ఈ వ్యాధికి మందు కనిపెట్టినవారిలో అగ్రగణ్యుడు ఈ డెల్టా బిడ్డయే యగుట తెలుగువారికి గర్వకారణము. యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, మామగారి సహాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను అమెరికాకు పోయెను. పిమ్మట లెడర్లీ పరిశోధనాలయమున ఆయన ఆధ్వర్యవమున పనిచేసిన శాస్త్రజ్ఞులు అనేక రసాయనములను పరీక్షించి, 1947లో హెట్రజాన్ అను మందును లోకమునకు అందించిరి. డైఇథైల్ కార్బమజీన్ అనునది దాని రసాయన నామము. రక్తమందలి పిల్లపురుగులను అది నశింపజేయును. ఆ మరుసటి సంవత్సరమే, 1948లో, సుబ్బారావు కన్నుమూసెను. ఆయన జన్మించిన సీమలో లక్షలాది ప్రజలు ఆ మాత్రను మ్రింగిరి.

2004వ సంవత్సరము మొదలుకొని, బోదకాలు గల మండలములలో రోగులకే కాక, అర్హులైన వారందరికిని ఏటేట ఒక పర్యాయము ఈ మాత్రలను పంచు పద్ధతి దేశమంతట అమలునకు వచ్చినది. రెండేండ్ల లోపు శిశువులకును, గర్భిణులకును, తీవ్రరోగులకును ఈ మందు ఈయరు. “నాకు జబ్బు లేదు గదా, మాత్ర ఎందులకు?” అని కొందరు ప్రశ్నింతురు. జబ్బు లేదని తోచినవారి రక్తమున గూడ పురుగులుండుటయే దీనికి సమాధానము. మందు పుచ్చుకొన్నపుడు కొందరికి తలనొప్పి, కొద్దిపాటి జ్వరము కలుగవచ్చును. రక్తమందలి పురుగులు చచ్చుటవలన కలుగు వికారమే అది. సాధారణముగా త్వరలోనే తగ్గిపోవును.

మందు పంచుటతో పని ముగియదు. వ్యాధి తగ్గినదని చెప్పుటకు సాక్ష్యము కావలెను. ఆ సాక్ష్యమును ఇచ్చువారు ఆరేడేండ్ల పసిపిల్లలు. మందు పంపిణీ మొదలైన పిమ్మట పుట్టిన బిడ్డ రక్తమున పురుగు జాడ కనబడినచో, వ్యాధి ఇంకను వ్యాపించుచున్నదని తెలియును. కనబడనిచో దోమలకు పురుగు దొరకుట లేదని నమ్మవచ్చును. కావున మందు పంపిణీని ఆపుటకు ముందు బడులకు పోయి, ఒకటి రెండు తరగతుల పిల్లల వ్రేలినుండి రక్తపుచుక్కను తీసి పరీక్షింతురు. ఈ పరీక్షను పగటివేళ గూడ చేయవచ్చును. ఒక చిన్నారి నిమిషము పాటు ఓర్చుకొన్న సూదిపోటు మండలమంతటికి మేలు చేయును.

పరీక్షాశాల రక్తముతో బాటు నీటిని గూడ కనిపెట్టి యుండును. డెల్టాలోని అనేక గ్రామములు కాలువ నీటితో నింపిన మంచినీటి చెరువులమీద ఆధారపడి యున్నవి. నీరు తేటగా నున్నంతమాత్రమున మంచిదని చెప్పరాదు. శుద్ధిచేసిన సీసాలో నీటిని పట్టి, మంచుతో చల్లగా నుంచి, ఇరువది నాలుగు గంటలలోపల పరీక్షాశాలకు చేర్చుదురు. ఆ నీటిని సూక్ష్మజీవులు పెరుగుటకు అనువైన ఆహారముపై నుంచి, తగిన వెచ్చదనమున ఒకటి రెండు దినములు నిలుపుదురు. మలమునుండి వచ్చు సూక్ష్మజీవులు వృద్ధిచెందినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. త్రాగునీటిలో 100 మిల్లీలీటర్లకు అట్టి సూక్ష్మజీవి ఒక్కటియు ఉండరాదని నియమము. క్లోరిను కలిపిన నీటిలో లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. 2022 జూలై నెలలో ధవళేశ్వరము వద్ద గోదావరి 25 లక్షల క్యూసెక్కులకు మించి పారి, కోనసీమ లంక గ్రామములను ముంచెత్తినది. ఇట్టి వరద తీసిన పిమ్మట కలరా, కామెర్లు మున్నగునవి పొంచియుండును. అప్పుడు ఏ బావి నీరు త్రాగవచ్చునో చెప్పగలది నాలుక కాదు, పరీక్షయే.

ప్రమాదము సూక్ష్మజీవులవలననే రావలెనని నియమము లేదు. 2020 డిసెంబరు 5వ తేదీన, అప్పటి పశ్చిమ గోదావరి మండలమునకు ముఖ్యపట్టణమైన ఏలూరులో జనులు ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోజొచ్చిరి. కొందరికి వాంతులు, తలనొప్పి, మతిమరపు కలిగెను. కొలది దినములలో సుమారు 600 మంది ఆసుపత్రి పాలైరి. ఒకరు మరణించిరి. లోకమంతయు కోవిడ్ భయముతో వణకుచున్న కాలమది. పుకార్లు పలువిధములుగ వ్యాపించినవి. రోగులకు కోవిడ్ లేదని పరీక్షలు తేల్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మొదలగువానికి చెందిన నిపుణులు రక్తమును, త్రాగునీటిని, పాలను, కూరగాయలను పరీక్షించిరి. తొలుత కొందరి రక్తమున సీసము, నికెలు కనబడినవి. పిమ్మట పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణమని నిపుణులు డిసెంబరు 16వ తేదీన ప్రభుత్వమునకు తెలియజేసిరి. అవి మనుష్యుల శరీరములలోనికి ఏ మార్గమున చేరినవో తెలియుటకు మరింత పరిశోధన కావలెననియు చెప్పిరి. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట శాస్త్రధర్మము. పుకారునకు ఆ నియమము లేదు. అందుచేతనే అది వేగముగా పరుగెత్తును, పరీక్షాశాల నెమ్మదిగా నడచును.

పరీక్షాశాల ఎంత గొప్పదైనను ప్రజల తోడ్పాటు లేనిదే పనిచేయజాలదు. అర్ధరాత్రి తలుపు తట్టిన ఆరోగ్య కార్యకర్తకు తలుపు తెరచినపుడే నెత్తురుచుక్క గాజుపలక మీదికి చేరును. వీధి కుళాయి నీరు వాసన వచ్చినదని ఒకరు చెప్పినపుడే ఆ నీరు సీసాలోనికి చేరును. పరీక్ష ఫలము వెలువడిన పిమ్మట మురుగు తీయుట, చెరువును కాపాడుట, మాత్రను మ్రింగుట ప్రజల వంతు. మురుగుగుంటను పూడ్చిన ఇల్లు తన బిడ్డలతో బాటు పొరుగింటి బిడ్డలను గూడ కాపాడును. ఒకరి ఆరోగ్యము అందరి ఆరోగ్యముతో ముడివడి యుండుటయే ప్రజారోగ్యమను మాటకు అర్థము.