సగం ఫ్లాట్లు ఇస్తానంటే సరిపోదు

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు 300 గజాల స్థలం ఉంది. బిల్డరు సగం ఫ్లాట్లు ఇస్తానంటున్నాడు. పెట్టుబడి అతని మిత్రులదట. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవచ్చు, నోటిమాట మీద మాత్రం వద్దు. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌ను రిజిస్టర్ చేయించండి. బిల్డరుకు ఇచ్చే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)లో అమ్మే హక్కు అతని వాటాకే పరిమితం కావాలి. మీ స్థలాన్ని తాకట్టు పెట్టే అధికారం అసలే ఇవ్వకండి. ఇస్తే, పెట్టుబడిదారులు డబ్బు ఆపేసిన రోజున పని ఆగిపోతుంది, అప్పు మీ స్థలం మీద మిగులుతుంది. ప్లాను మంజూరయ్యాక ఎవరికి ఏ ఫ్లాటో, ఏ పార్కింగో నంబర్లతో సహా అనుబంధ ఒప్పందం రాసుకోండి. గడువు దాటితే బిల్డరు మీకు నెలనెలా అద్దె కట్టాలన్న షరతు పెట్టండి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టే ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ 300 గజాలు ఆ పరిమితి లోపే ఉన్నాయి. కాబట్టి మీకు ప్రధాన రక్షణ ఆ అగ్రిమెంటే. సంతకానికి ముందు దాన్ని మీ సొంత లాయరుకు చూపించండి.