నూతన ఘటసర్పజాతుల కల్పన: ఒక లక్షణవిచారం

ఆంగ్లంలోని డ్రాగన్ శబ్దానికి తెలుగులో సర్వసమ్మతమైన పర్యాయపదం ఏర్పడలేదు. తెలుగు బైబిలులోని ప్రకటన గ్రంథం ‘ఘటసర్పము’ అన్నది. కథానువాదకులు కొందరు రెక్కలపాము అని వివరించి సరిపెట్టుకొన్నారు. మూలమైన గ్రీకు శబ్దం ‘ద్రాకోన్’ చూచుట అనే అర్థం గల ధాతువు నుండి పుట్టినదని భాషావేత్తల నిర్ణయం. సంస్కృతంలోని దృశ్ ధాతువు దీనికి సజాతీయం. అనగా పాశ్చాత్యుల ఘటసర్పం మొదట తీక్ష్ణమైన చూపు గల సర్పమే. దానికి రెక్కలు, కాళ్లు, అగ్నినిశ్వాసం కాలక్రమంలో వచ్చి చేరినవి. శబ్దవ్యుత్పత్తితో ఆరంభించడానికి కారణం ఉన్నది. దృష్టియందు, నిశ్వాసమందు విషం గల సర్పాలను సుశ్రుతసంహిత కల్పస్థానం దివ్యసర్పాలని వేరుగా నిర్దేశించినది. కోరలయందు విషం గలవి భౌమసర్పాలు. ఈ విభాగం ఒక ఆధునిక క్రీడలోని సమస్యను అర్థం చేసికొనడానికి ఎంతగానో ఉపకరిస్తుంది.

ఆ క్రీడ పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు దీనిని 1974లో ప్రకటించారు. కొందరు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథానిర్వాహకులు, తక్కినవారు పాత్రధారులు. సంభాషణ ముందుగా వ్రాసి ఉండదు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు నిర్ణయిస్తాయి. ప్రశ్న వచ్చిన క్షణాన సమాధానం కల్పింపవలసి ఉండడం చేత నాటకం కన్న అవధానానికే ఇది దగ్గర అనవచ్చు. పాత్రలు గుహలలో, శిథిలదుర్గాలలో ప్రవేశించి సత్త్వాలతో పోరాడి నిధులు సాధించడం ఇందులో సామాన్య కథాక్రమం. ఆ సత్త్వాలలో అగ్రస్థానం ఘటసర్పానిది. ఆటగాళ్లు పాతవాటి మర్మాలన్నీ కంఠస్థం చేసి ఉంటారు కనుక నిర్వాహకులకు క్రొత్త జాతులను సృష్టింపవలసిన అవసరం నిరంతరం కలుగుతూ ఉంటుంది.

ఈ క్రీడకు పూర్వరూపం 1971 నాటి చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడా నియమావళి. వర్ణాన్ని బట్టి నిశ్వాసం మారే పద్ధతి అందులోనే కన్పిస్తుంది. 1974 నాటికి తెలుపు, నలుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, బంగారు వర్ణాల ఆరు జాతులు స్థిరపడినవి. తెల్లనిది శైత్యాన్ని, నల్లనిది ఆమ్లాన్ని, పచ్చనిది క్లోరిన్ వాయువును, నీలిది విద్యుత్తును, ఎర్రనిది అగ్నిని వెలిగ్రక్కుతాయి. చైన్‌మెయిల్ లో ఊదారంగుది కూడ ఒకటి ఉండేది. దానికి రెక్కలు లేవు, తోకలో విషపు కొండి ఉన్నది. నిశ్వాసబలం లేని ఆ జీవి తరువాతి గ్రంథంలో ఘటసర్పవర్గం నుండి తొలగి, కేవలం మహాకీటకంగా మిగిలినది. వర్ణం ఉన్నంత మాత్రాన వర్గంలో స్థానం నిలువదని ఆ క్రీడాచరిత్ర తొలినాడే నిరూపించినది.

ఈ అయిదు వర్ణజాతులలో సంబంధదార్ఢ్యం సమానంగా లేదు. తెలుపునకు హిమంతోను, ఎరుపునకు అగ్నితోను గల సంబంధం స్పష్టం. క్లోరిన్ వాయువు స్వయంగా హరితపీతవర్ణం కలది. దాని పేరుకు మూలమైన గ్రీకు శబ్దానికి అర్థమే ఆ వర్ణం. కనుక పచ్చని సర్పానికి ఆ వాయువు అన్ని విధాల తగినది. నల్లనిదానికి బురదనేల, కుళ్లు, ఆమ్లం ఒక వరుసలో అమరినవి. నీలిది మాత్రం ఎడారిలో నివసిస్తూ మెరుపును వెలిగ్రక్కుతుంది. ఎడారికి మెరుపుతో గాని, నీలవర్ణంతో గాని హేతుసంబంధం చూపడం కష్టం. పట్టికలో ఒక గడి ఖాళీగా ఉన్నందున పూరించినట్లు తోస్తుంది.

ఛందశ్శాస్త్రం చదివినవారికి ఈ పద్ధతి అపరిచితం కాదు. ఇది ప్రస్తారమే. గురులఘువులను అన్ని విధాల మార్చి వ్రాస్తే ఆరక్షరాల గాయత్రీఛందంలో 64 వృత్తాలు, ఇరువదక్షరాల కృతిఛందంలో 10,48,576 వృత్తాలు సిద్ధిస్తాయి. ఆ పదిలక్షల పైబడిన వృత్తాలలో తెలుగు కవుల నిత్యవ్యవహారంలో నిలిచినవి ఉత్పలమాల, మత్తేభం. తక్కినవి సంఖ్యలో ఉన్నవి గాని పద్యంలో లేవు. ప్రస్తారం స్థానాన్ని చూపగలదు, ప్రాణాన్ని ఇవ్వలేదు. వర్ణం, నిశ్వాసం, నివాసం, స్వభావం అనే నాలుగింటిని మార్చి మార్చి కూర్చితే ఘటసర్పాలు కూడ వందల కొలది పుడతాయి. వాటిలో ఆటగాళ్ల స్మృతిలో నిలిచేవి బహుస్వల్పం.

1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధగ్రంథం ఇత్తడి, రాగి, కంచు, వెండి సర్పాలను చేర్చినది. పూర్వపు బంగారుదానితో కలిపి లోహజాతులు అయిదైనవి. వర్ణజాతులు దుష్టములు, లోహజాతులు శిష్టములు అని విభాగం. లోహవిద్య తెలిసినవారికి ఇక్కడ చిన్న నవ్వు రాకమానదు. ఇత్తడి అనగా రాగి, తుత్తునాగం. కంచు అనగా రాగి, తగరం. అయిదింటిలో మూడు రాగి కుటుంబానివే! ఈ మూడింటిని పరస్పరం వేరుచేసి చెప్పడం చాలమంది ఆటగాళ్లకు తడబాటే. తరువాత 1980లో డ్రాగన్ పత్రిక 37వ సంచికలో ఆర్థర్ కాలిన్స్ శిష్టదుష్టమధ్యమమైన రత్నజాతులను ప్రతిపాదించారు. ఇదీ ఖాళీగా ఉన్న గడిని పూరించిన ప్రయత్నమే. కాని తరువాతి గ్రంథకర్తలు వాటికి మనోబలంతో ప్రత్యేక సంబంధం కల్పించినందున అవి నిలిచి, 2021 నాటి ఘటసర్పగ్రంథంలో మరల ప్రవేశించినవి.

ఇక్కడ న్యాయశాస్త్రం చెప్పిన లక్షణవిచారం ప్రసక్తమవుతుంది. అసాధారణధర్మమే లక్షణం. అది అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవ దోషాలు లేకుండ ఉండాలి. ‘అగ్నిని వెలిగ్రక్కునది ఘటసర్పం’ అంటే తెల్లనిదానియందు అవ్యాప్తి. ‘మహాకాయం గల సర్పం’ అంటే అజగరమందు అతివ్యాప్తి. జాతివిశేషానికి వస్తే వర్ణం సాధారణంగా ఉపలక్షణం మాత్రమే. దేవదత్తుని ఇంటిపై కాకి వ్రాలినదని ఆ ఇంటిని గుర్తు చెప్పిన శాస్త్రోదాహరణం ప్రసిద్ధం. కాకి ఎగిరిపోయినా ఇల్లు మిగులుతుంది. క్రొత్తగా కల్పించిన సర్పం నుండి వర్ణాన్ని తొలగించి చూడాలి. ఏదైనా మిగిలితే అది జాతి. ఏమీ మిగలకపోతే అక్కడ ఉన్నది కాకి మాత్రమే.

శరీరనిర్మాణ విషయంలో పెద్దగా విస్తరింపనక్కరలేదు. నాలుగు కాళ్లు, రెండు రెక్కలు గల ఘటసర్పానికి అవయవాలు ఆరు. వెన్నెముక గల ప్రాణులకు నాలుగే. లిన్నేయస్ 1735లో డ్రాగన్‌ను సందిగ్ధజీవుల పట్టికలో ఉంచి, 1758లో ఆ పేరును ఎగిరే బల్లికి పెట్టాడు. పడమటి కనుమల అడవులలో ఆ వర్గపు జాతి ఒకటి నేటికీ ఉన్నది. దాని రెక్కలు చేతులు కావు. ప్రక్కటెముకలు సాగి చర్మాన్ని విప్పుతాయి. ఆరు అవయవాల చిక్కునకు ప్రకృతియే చూపిన ఈ పరిష్కారాన్ని క్రీడాకర్తలు అంతగా వినియోగించుకొన్నట్లు కన్పించదు.

సంబంధాన్ని కల్పించే పద్ధతికి ఉత్తమమైన ఆదర్శం సుశ్రుతుని సర్పవిభాగం. భౌమసర్పాలు 80. దర్వీకరములు 26, మండలులు 22, రాజిమంతములు 10, నిర్విషములు 12. సంకరం వలన పుట్టిన వైకరంజములు, వాటి చిత్రభేదాలు కలిసి 10. సంఖ్య కన్న ముఖ్యమైనది ధర్మాల పరస్పరానుబంధం. దర్వీకరానికి పడగ ఉన్నది, వేగం ఉన్నది. అది పగలు సంచరిస్తుంది, దాని విషం వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. మండలి స్థూలం, మందగామి. దాని విషం పిత్తప్రకోపకం. రాజిమంతం నునుపైన గీతల దేహం కలది. అది రాత్రి చివరి యామంలో తిరుగుతుంది, దాని విషం కఫప్రకోపకం. రాత్రి తక్కిన యామాలు మండలులవి. ఆకారం చూస్తే కాలం తెలుస్తుంది, కాలం తెలిస్తే దోషం తెలుస్తుంది, దోషం తెలిస్తే చికిత్స తెలుస్తుంది. పాము కనబడక కాటు మాత్రమే కనబడినపుడు వైద్యుడు వెనుకకు నడచి జాతిని ఊహింపగలడు. క్రీడలో పాత్రధారికి కావలసినది సరిగా ఇదే. కాలిన చెట్టునో, ఎండిన బావినో చూచి రాబోయే సర్పమేదో ఊహింపగల అవకాశం లేనపుడు ఎన్ని జాతులున్నా అవి పాచికలపై వేరువేరు అంకెలు మాత్రమే.

సుశ్రుతుడు మరొక జాగ్రత్త కూడ పాటించాడు. వాసుకి, తక్షకుడు మొదలైన దివ్యసర్పాలు అసంఖ్యాకములని చెప్పి, వాటికి నమస్కరించి, వాటి విషయంలో చికిత్సకు పనిలేదని విడిచినాడు. లెక్కింపు భౌమసర్పాలకే. క్రీడాకర్తలు ఈ సరిహద్దును గుర్తింపలేదు. అయిదు వర్ణజాతుల రాణిగా అయిదు తలల సర్పాన్ని కల్పించి, 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ లో దానికి తియామత్ అని పేరుపెట్టారు. బాబిలోనియా సృష్టికావ్యంలో తియామత్ లవణసముద్రస్వరూపిణి, దేవతలకు ఆదిజనని. ఆమె శరీరాన్ని రెండుగా చీల్చి మర్దుకుడు ఆకాశాన్ని, భూమిని ఏర్పరచినాడు. అయిదు తలలు అక్కడ లేవు. లోహజాతుల రాజుకు పెట్టిన బహమూత్ నామం అరబ్బుల విశ్వవర్ణనలో భూమిని మోసే వృషభానికి ఆధారమైన మహామత్స్యానిది. ఆ నాగరికతల ఆరాధన ఏనాడో అంతరించినది, లేక ఆ నామం ఆరాధ్యమే కాదు గనుక ఈ మార్పులు ఎవరినీ బాధింపలేదు.

నాగశబ్దం విషయం అట్టిది కాదు. అదే 1977 గ్రంథంలో నాగులు మనుష్యముఖం గల సర్పాలై, రక్షకనాగం, ప్రేతనాగం, జలనాగం అని మూడు రకాలుగా ప్రవేశించినవి. ఒకటి శిష్టం, ఒకటి దుష్టం, ఒకటి మధ్యస్థం. ఇదీ ప్రస్తారమే. భారతంలో నాగులు ఇట్లు రకాలుగా లేరు, వంశంగా ఉన్నారు. వారికి తల్లి కద్రువ. శాపం ఉన్నది, వివాహసంబంధాలు ఉన్నవి. ఉలూచి అర్జునుని పత్ని. వాసుకి చెల్లెలు జరత్కారువు ఆస్తీకుని తల్లి. నన్నయ ఆదిపర్వంలో ఉదంకుడు కుండలాలు పోగొట్టుకొని నాగలోకం చేరినపుడు ఆయుధం ఎత్తలేదు, నాగరాజులను స్తుతించినాడు. ఆ ఉదంకుని ప్రేరణతోనే జనమేజయుడు సర్పయాగం ఆరంభించినా, మేనమామల కులాన్ని రక్షించడానికి ఆస్తీకుడు దానిని ఆపినాడు. చంపవలసిన సత్త్వంగా కాక, అగ్ని నుండి రక్షింపవలసిన బంధువుగా సర్పాన్ని చూచిన కథ ఇది. కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోసే ఇండ్లలో ఈ దృష్టి నేటికీ సజీవం. ఇట్టి నాగుని ప్రాణబలాన్ని అంకెలలో వ్రాసి, వధకు ఇంత ఫలమని నిర్ణయించడం ఆ ఇండ్ల పిల్లల చేత ఆడించే నిర్వాహకునికి ఆలోచింపవలసిన విషయం. వాసుకి, తక్షకుడు కథలో వ్యక్తులుగా రావచ్చు. జాతిపట్టికలో వారికి చోటు ఉండరాదు.

అయితే భారతీయవాఙ్మయం నుండి క్రీడకు తీసికొనదగినది లేదా? ఉన్నది. వృత్రుడు ఎవరికీ ఆరాధ్యుడు కాడు. ఋగ్వేదం ప్రథమమండలంలోని ఇంద్రసూక్తంలో అతడు అహి, పాదహస్తాలు లేనివాడు, కొండపై పరుండి జలాలను నిరోధించినవాడు. పాశ్చాత్య ఘటసర్పానికి బంగారు నిధి ఎట్టిదో వృత్రునికి నీరు అట్టిది. తెలుగునాట లంకెబిందెలపై పాము కాపలా ఉంటుందన్న నమ్మకం నిధిని గూర్చినదే. ఆ నిధిస్థానంలో నీటిని ఉంచి, సుశ్రుతుని దర్వీకరధర్మాలను కలిపితే ‘శోషకం’ అనదగిన ఒక నూతనజాతి సిద్ధిస్తుంది.

శోషకానికి పడగ ఉంటుంది, కాళ్లు ఉండవు. వాతప్రధానం కనుక శరీరం లఘువు, చర్మం రూక్షం, గమనం శీఘ్రం. నిశ్వాసం అగ్ని కాదు. శుష్కమై శీతలమైన గాలి. అది సోకిన ఆకు కాలదు, పొడి అవుతుంది. మనుష్యునికి చర్మం నల్లబడి పగులుతుంది, కీళ్లు నొచ్చుతాయి. దర్వీకరవిషానికి సుశ్రుతుడు చెప్పిన చిహ్నాలు ఇట్టివే. దాని నివాసం నదీమూలంలోని గుహ. క్రిందిపల్లెలలో మొదట బావులు, పిదప చెరువులు ఎండుతాయి. ఏ బావి ముందు ఎండినదో అడిగి తెలిసికొన్న పాత్రధారికి గుహకు దారి దొరకుతుంది. నీలిసర్పం ఎడారి ఉన్నచోట నివసిస్తుంది, శోషకం ఉన్నచోట ఎడారి పుడుతుంది. వర్ణం తొలగించినా జాతి మిగులుతుంది. దానికి ఏ వర్ణమో ఇంతవరకు చెప్పకపోయినా లోటు కన్పించకపోవడమే నిదర్శనం.

వధ విషయం కూడ మారుతుంది. 1974 నియమాలలోనే ఘటసర్పాన్ని చంపక లొంగదీసికొని అమ్ముకొనే ఏర్పాటు ఉన్నది గాని అది లాభదృష్టి. శోషకాన్ని ఒక్క దెబ్బతో చంపితే నిరుద్ధజలమంతా ఒక్కసారిగా దిగి, దాహంతో ఉన్న పల్లెలనే ముంచుతుంది. వీరులు దానిని బ్రతికించి నీటిని క్రమంగా విడిపింపవలసి వస్తుంది. అది పగటి సంచారి కనుక రాత్రి అంతా వారిదే. దానితో మాటలాడే ఉపాయం ఉన్నదా, ఉదంకుని వలె స్తుతి పనిచేస్తుందా అన్నది నిర్వాహకుడు ముందుగా నిశ్చయించుకోవాలి. పాచికల అంకెలు, ప్రాణబలం, ఆరు దశల వయఃక్రమం పిదప వ్రాసికొనవచ్చు. పన్నెండు దశలు కావలసినవారికి 1989 నాటి నియమాలు ఉండనే ఉన్నవి. శోషకానికి మండలిధర్మాలు గల మరొక జాతితో సంకరం కల్పించి వైకరంజాన్ని పుట్టించాలనుకొంటే తల్లిదండ్రుల ఇద్దరి చిహ్నాలు దానియందు కన్పించాలి. పేరు పెట్టడానికి ముందు అది పగలు తిరుగుతుందో, రాత్రి తిరుగుతుందో తేల్చవలసి ఉంటుంది.