తాయ్ చి : తొలి అడుగు

పాఠ్యభాగ ఉద్దేశం : చైనా దేశపు వ్యాయామకళ అయిన తాయ్ చి పుట్టుపూర్వోత్తరాలను తెలిపి, నెమ్మదిగా కదలడంలోని సాధనను విద్యార్థులకు పరిచయం చేయడం.

తెల్లవారే వేళ బీజింగ్ నగరంలోని స్వర్గాలయ ఉద్యానవనంలో అడుగుపెట్టినవారికి ఒక దృశ్యం కనబడుతుంది. వయసు మళ్లిన స్త్రీపురుషులు చెట్ల మధ్య బారులు తీరి, నీటిలో కదులుతున్నట్లు మెల్లగా చేతులు లేపుతారు. మెల్లగా అడుగు మారుస్తారు. చూసేవారికి అది నృత్యమనిపిస్తుంది. నిజానికి అది ఒక యుద్ధవిద్య. దాని పేరు తాయ్ చి.

పేరులోని 'చి' అనే మాటకు ప్రాణశక్తి అని పలువురు అర్థం చెప్పుకొంటారు. అది సరికాదు. 'తాయ్ చి' అంటే పరమావధి. పూర్తి పేరు 'తాయ్ చి చువాన్'. 'చువాన్' అంటే పిడికిలి. యిన్, యాంగ్ అనే పరస్పర విరుద్ధ తత్త్వాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయన్న ప్రాచీన భావన ఈ విద్యకు పునాది.

17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ వంశీయుల గ్రామంలో ఈ విద్య రూపుదిద్దుకొన్నదని చరిత్రకారులు పలువురు భావిస్తారు. చాలాకాలం అది ఆ వంశంలోనే నిలిచింది. 19వ శతాబ్దంలో యాంగ్ లుచాన్ (1799-1872) అనే పరాయి వంశీయుడు చెన్ చాంగ్‌షింగ్ వద్ద శిష్యరికం చేసి, దానిని బీజింగుకు చేర్చాడు. ఆయన మనుమడు యాంగ్ చెంగ్‌ఫు (1883-1936) దానిని మృదువైన, విశాలమైన కదలికలుగా తీర్చిదిద్దాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాసంఘం యాంగ్ సంప్రదాయం నుండి 24 భంగిమల సరళరూపాన్ని కూర్చింది. ఒక వంశపు విద్య ఈ విధంగా ప్రజల సొత్తయింది. 2020లో యునెస్కో దీనిని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

సాధకుని తొలి పాఠం పాదాలతో మొదలవుతుంది. పాదాలను భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లను కొద్దిగా వంచి, వెన్నును నిటారుగా నిలిపి, భుజాలను సడలించాలి. శ్వాసను బిగబట్టరాదు. రెండు చేతులను భుజాల ఎత్తుకు లేపి, మోకాళ్లను మరికొంత వంచుతూ కిందికి దించాలి. ఇది ప్రారంభ భంగిమ.

అడుగు వేసే ముందు శరీరభారం ఒక కాలిపైకి చేరాలి. ఆ కాలు 'నిండినది', రెండవది 'ఖాళీ'. ఖాళీ అయిన కాలే కదలాలి. ముందుకు అడుగు వేసేటప్పుడు మడమ నేలను తాకిన తరువాతనే బరువు కొద్దికొద్దిగా దానిపైకి మళ్లుతుంది. వంగిన మోకాలు కాలివేళ్లను దాటిపోరాదు. నడుము తిరిగినప్పుడు దానిని అనుసరించి చేయి తిరుగుతుంది. 'మేఘహస్తాలు' అనే భంగిమలో ఈ సూత్రం స్పష్టంగా కనబడుతుంది.

తొలినాళ్లలో సాధకులు సాధారణంగా చేసే పొరపాటు తొందర. వేగంగా నడిచేటప్పుడు తూలు బయటపడదు. నెమ్మదిగా అడుగు వేస్తే దానిని దాచడానికి వీలుండదు. తడబాటు ఉన్నచోటనే కాలు వణుకుతుంది. తన లోపం తనకు తెలిసినప్పుడే సాధకుడు దానిని దిద్దుకోగలుగుతాడు. తాయ్ చి నెమ్మదితనంలోని ప్రయోజనం ఇదే.

ఈ ప్రయోజనం విలువ ముదిమిలో తెలుస్తుంది. వృద్ధులు ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరిగి మంచం పట్టవచ్చు. అమెరికాలో 195 మంది పార్కిన్‌సన్ వ్యాధిగ్రస్తులపై జరిపిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. వారు మూడు వర్గాలుగా, వారానికి రెండుసార్లు చొప్పున ఆరునెలలు వేరువేరు వ్యాయామాలు చేశారు. తాయ్ చి వారి వ్యాధిని నయం చేయలేదు. కాని దానిని సాధన చేసినవారి శరీర సమతౌల్యం తక్కిన ఇరువర్గాలకంటె మెరుగుపడింది. కండరాలను సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారికంటె వారు తక్కువసార్లు పడిపోయారు.

ఈ విద్యను శిక్షకుని సమక్షంలో, రోజుకు కొద్దిసేపు, ఒక్క భంగిమతో ప్రారంభించడం మేలు. 24 భంగిమలను త్వరగా ముగించడంకంటె ఒక్క అడుగును తూలకుండా వేయడం మంచి అభ్యాసం.

కఠిన పదాలకు అర్థాలు
పరమావధి = చివరి హద్దు
అమూర్తం = ఆకారం లేనిది
ముదిమి = ముసలితనం
సమతౌల్యం = ఒరగని నిలకడ

ప్రశ్నలు
1. తాయ్ చి ఒక వంశం నుండి ప్రజలకు చేరిన క్రమాన్ని వివరించండి.
2. 'నిండిన కాలు', 'ఖాళీ కాలు' అనగా నేమి?
3. నెమ్మదిగా కదలడం వల్ల సాధకునికి కలిగే ప్రయోజనాన్ని తెలపండి.