సందుగ నుంచి కంప్యూటర్ దాకా: మేడిపల్లి విద్యార్థులకు ప్రాజెక్టు చిట్కాలు

డిగ్రీలో చరిత్రో, తెలుగో చదివే పిల్లలకు ప్రాజెక్టు ఇస్తే ఇంటర్నెట్‌లో దొరికిన పది పేజీలు కలిపి, అట్ట వేసి తెచ్చిస్తున్నారు. ఎందుకమ్మా అంటే ‘మా ఊళ్లె ఏమున్నది సార్?’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అంగడికి కోరుట్ల, ఆఫీసు పనికి జగిత్యాల, మొక్కుకు వేములవాడ, బట్టల పనికి సిరిసిల్ల. ఇన్ని దిక్కులకు తిరిగే మేడిపల్లి మనుషుల దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేకుండా ఎట్లా ఉంటుంది? దుబాయి పోయి వచ్చినవాళ్లు, బీడీలు చేసి పిల్లల్ని చదివించుకున్న తల్లులు ప్రతి వాడకూ ఉన్నారు.

వీళ్ల కథలతో చేసే ఇలాంటి ప్రాజెక్టులనే డిజిటల్ హ్యుమానిటీస్ అంటున్నారు. పేరు పెద్దదే గాని పని తెలిసిందే. మనుషుల మాట, పాట, కాగితం, కట్టడం, వీటిని కంప్యూటర్ సాయంతో భద్రపరచడం, పట్టిక కట్టడం, మ్యాపు మీద పెట్టి చూడడం. ఒక ఫోను, ఒక ఎక్సెల్ పట్టిక, సెలవు రోజులు ఉంటే ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

1. పాత కాగితాలు, ఫొటోలు దాచిన సందుగ తెరిచే ముందు ఇంట్లో పెద్దల్ని అడగండి. వాళ్లు ఎదురుగా కూర్చున్నప్పుడే తెరవండి. లోపలివి బయటికి తీయకముందే, ఉన్నవి ఉన్నట్టుగా ఒక ఫొటో తీసుకోండి. ఏ ఉత్తరం ఏ ఫొటోతో కలిపి కట్టి ఉందన్నది కూడా సమాచారమే, ముడి విప్పాక అది దొరకదు. నీడపట్టున ఉతికిన దుప్పటి పరిచి దాని మీద పెట్టండి. దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్షు చాలు, తడిబట్ట తగలనివ్వొద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసేయండి. చినిగిన చోట సెల్లో టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే చేయించొద్దు. కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. వేపాకు వేయాలనుకుంటే బాగా ఎండినది పలుచటి గుడ్డలో మూటగట్టి పెట్టె మూలన పెట్టండి, కాగితాల మధ్య చల్లొద్దు.

2. ఊరి పేరు పూర్తిగా రాయండి. ‘మేడిపల్లి’ అని వెతికితే హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక వచ్చే మేడిపల్లి ముందు పలుకుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో బోర్డు మీద ఒక్కో తీరుగా ఉంటుంది. పైగా మనది 2016 అక్టోబర్ 11 దాకా కరీంనగర్ జిల్లా, ఆ రోజు నుంచి జగిత్యాల జిల్లా. అసెంబ్లీకి ఓటేసేది మాత్రం వేములవాడ నియోజకవర్గంలో. అందుకని పట్టికలో ఊరు, మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా అని నాలుగు గడులు పెట్టండి. ఫోన్ మ్యాపులో ఊరి మీద వేలు నొక్కిపెడితే వచ్చే అక్షాంశ రేఖాంశాల అంకెలు ఐదో గడిలో వేయండి. ఇక్కడ తప్పు పోతే మీ మ్యాపులో మన మేడిపల్లి ఉప్పల్ పక్కన తేలుతుంది.

3. పెళ్లి పత్రికలు పారేయకండి. నన్నడిగితే డిగ్రీ విద్యార్థికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు లేదు. ఏ ఇంటి గూట్లో చూసినా పాత శుభలేఖల కట్ట ఉంటుంది. బంధువుల ఇళ్లు నాలుగు తిరిగితే నూరు దొరుకుతాయి. పెళ్లి తేదీ, ముహూర్తం, పిల్ల ఊరు, పిలగాని ఊరు, పెళ్లి జరిగిన చోటు, విందు జరిగిన చోటు, పత్రిక అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, ఇవన్నీ గడుల్లోకి ఎక్కించండి. ఇంటి ముందటి పందిరి నుంచి ఫంక్షన్ హాలుకు పెళ్లి ఏ ఏడు మారిందో తేదీల వరుసలో కనబడుతుంది. రెండు ఊళ్ల మధ్య గీత గీసే మ్యాపు వేస్తే పిల్లనిచ్చి పుచ్చుకునే దారులు తేలతాయి. పద్మశాలీల ఇళ్ల పత్రికలైతే ఆ గీతలు భివండీ, షోలాపూర్, సూరత్ దాకా సాగడం చూస్తారు, మగ్గం బతుకు వెతుక్కుంటూ పోయిన దారులే అవి. ‘మా ఇంటి చిన్నారుల మాట’ అంటూ పిల్లల పేర్లు ఎప్పటి నుంచి వేస్తున్నారు, ఇంగ్లీషు ఎప్పుడు చేరింది, ఫోన్ నంబరు ఎప్పుడు చేరింది? ఒక్కొక్క ప్రశ్న ఒక్కొక్క అధ్యాయం. ఎవరింటి పెళ్లి అన్నది మాత్రం ప్రాజెక్టులో రాయకండి, ఊళ్ల పేర్లు చాలు.

4. దుబాయి క్యాసెట్‌ను ముందు కాపాడండి. ఫోన్లు లేని రోజుల్లో గల్ఫ్ పోయినవాళ్లు ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. మా పెద్దబాపు మస్కట్ నుంచి పంపిన క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉండేది. ఇంట్లో ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి పలకరించాడు. బర్రె ఈనిందా అని, అప్పు మిత్తి కట్టారా అని అడిగాడు. ఆ క్యాసెట్ మీద మేం పిల్లలం సినిమా పాటలు ఎక్కించాం. ఆయన పోయాక వెతికి పెట్టి వింటే ఒక వైపంతా పాటలే. రెండో వైపు పాటలు అయిపోయాక చివర్లో మూడు నాలుగు నిమిషాలు ఆయన గొంతు మిగిలింది. ‘అవ్వా, పైలం’ అన్న మాటతో ఆగింది. అప్పుడు మాకెవరికీ నోట మాట రాలేదు.

అందుకే చెబుతున్నాను. క్యాసెట్ పై అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ చెక్కలుంటాయి. ముందు వాటిని విరిచేయండి. ఇక దాని మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే టేప్ రికార్డర్‌లో పెట్టకండి, తెలిసినవాళ్లకు చూపించండి. బాగుంటే ఒకసారి మొదటి నుంచి చివరి దాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి, బిగుసుకున్న రీలు వదులవుతుంది. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైలుగా ఎక్కించండి. వింటూ వింటూనే ఎక్కించండి, పాత రీలు రెండోసారి పలుకుతుందన్న భరోసా లేదు.

5. గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాల మీద, మాట్లాడేవారికి మూరెడు దూరంలో ఉంచండి. స్టీలు పళ్లెం మీద, బల్ల మీద పెడితే ప్రతి కదలికా మోగుతుంది. మొదట మీరే తేదీ, ఊరు, మాట్లాడుతున్నది ఎవరు అన్నది చెప్పి, ‘రికార్డు చేయమంటవా అమ్మా?’ అని అడిగి, ఆమె ఒప్పుకున్న మాట కూడా అందులోనే పడనివ్వండి. బతుకమ్మ పాటలైతే ఇంట్లో ఒకసారి కూర్చోబెట్టి, ఆట దగ్గర ఒకసారి తీసుకోండి. మొదటిదాంట్లో మాటలు తేటగా ఉంటాయి, రెండోదాంట్లో చప్పట్లు, అందుకునే గొంతులు ఉంటాయి. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన నాటికి చేతిలో ఫోను లేదు. మీకు ఉంది.

6. యాసను దిద్దకండి. అవ్వ ‘పోయిండు’ అంటే ‘పోయిండు’ అనే రాయండి, ‘పోయాడు’ అని మార్చొద్దు. మాటను అక్షరాల్లో పెట్టే సాఫ్ట్‌వేర్లు చాలాసార్లు మన మాటను పుస్తకాల భాషలోకి తిప్పేస్తాయి. ఆ పాఠాన్ని చిత్తుప్రతిగా తీసుకుని, ఒక్కో వాక్యం విని సరిచేయండి. పది నిమిషాల మాటకు ఒక పూట పడుతుంది. పడనివ్వండి. మన యాసలో శుద్ధంగా రాసిన పాఠాలు ఎన్ని ఎక్కువుంటే రేపటి యంత్రాలకు మన మాట అంత బాగా అర్థమవుతుంది.

7. సాంచాల మాటలు ఏరండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది. 1962లో వ్యవసాయం సంపుటం, 1971లో చేనేత సంపుటం. పడుగు, పేక, నాడె, అచ్చు అన్నవి అందులోని లోకం. సిరిసిల్లలో ఇప్పుడు వినిపించేది మరమగ్గం. దాన్ని అక్కడ సాంచా అంటారు. భీము, కండె, వార్పిన్, వైపని, ఆసామి, ఇట్లా సాంచాల దగ్గర పుట్టిన, మారిన మాటలు ఎన్నో. మనకు వ్యవసాయదారుడు ఆసామి. అక్కడ యజమాని దగ్గర నూలు తెచ్చుకుని సాంచాలు నడిపేవాడు ఆసామి. ఒకే మాటకు కొద్ది కిలోమీటర్లలోనే అర్థం మారింది చూడండి. ఒక్కో మాటకు నాలుగు ముక్కలు చేర్చండి: పలికిన గొంతు, ఆ వస్తువు ఫొటో, అర్థం చెప్పినవారి మాటల్లోనే అర్థం, తేదీ. సాంచాలు ఆగిన వేళ, భోజనాలప్పుడు పోతే మాట వినబడుతుంది. అవి నడిచే చప్పుడును కూడా విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోండి. ఇరవై మాటలు చేసినా మంచి ప్రాజెక్టే.

8. పాత భూమి కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటే, ఇంగ్లీషు సంవత్సరం కోసం దానికి 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940-41. కాగితం ఉర్దూలో ఉంటే ఊళ్లో ఉర్దూ చదివిన పెద్దాయన పక్కన కూర్చుని చదివించుకోండి, ఆయన చదువుతున్నప్పుడు రికార్డు చేసుకోండి. అసలు కాగితం ఇల్లు దాటించకండి.

9. బీడీల పాసుబుక్కు కూడా చరిత్రే. ఏ నెల ఎన్ని బీడీలు అప్పజెప్పారు, వెయ్యికి కూలి ఎంత వచ్చింది అన్నది తల్లి చేత్తో సంపాదించిన లెక్క. గడుల్లో వేసి, అదే ఏడు ఇంట్లో బియ్యం ధర ఎంతో గుర్తున్నవాళ్లను అడిగి పక్కన రాయండి. పేరు, నంబరు కప్పేయండి.

10. ఫొటోలు ఆల్బమ్ జిగురుకు అంటుకుపోతే పీకొద్దు. ప్లాస్టిక్ పొర ఎత్తి, ఉన్నచోటనే ఫోనుతో తీయండి. ఉదయం పూట వరండా వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. విడి ఫొటో అయితే వెనక వైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. కోరుట్ల, జగిత్యాల స్టూడియోల వెనక తెర మీద గీసిన తోటలు, మెట్లు పోల్చి చూస్తే ఏ ఫొటో ఏ కాలానిదో చాలావరకు పట్టుకోవచ్చు. పేర్లు రాయాలంటే వెనక మెత్తటి పెన్సిల్‌తో, బాల్ పెన్నుతో కాదు.

11. శాసనం దగ్గరికి పోతే సాయంత్రం పొండి. గంగాధర మండలం కురిక్యాల పక్కన బొమ్మలగుట్ట మీద, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్న ఆ రాతిలో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా రావడానికి చూపిన ఆధారాల్లో ఇదొకటి. పొద్దు వాలేటప్పుడు ఏటవాలు ఎండలో అక్షరాల గాడులు నీడ పట్టి తేలతాయి. సుద్దముక్క, పిండి, నూనె ఏదీ రాయొద్దు. ఒక్కొక్క ఫొటోలో పక్కన స్కేలు కనబడాలి.

12. ఇల్లు కదలలేనివాళ్లకు ఒక పుస్తకం చాలు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో తెచ్చిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులున్నారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా వచ్చిన పుస్తకం అది. కవి పేరు, ఊరు, పద్యం దేని మీద అన్నది పట్టిక కట్టి, ఆ ఊళ్లను మ్యాపు మీద పెట్టండి. మన వైపు ఎన్ని చుక్కలు పడతాయో మీరే చూస్తారు. పేజీల ఫొటోలను గూగుల్ డ్రైవ్ అక్షరాలుగా మారుస్తుంది. ప, వ, ష దగ్గర తడబడుతుంది కాబట్టి ఊరి పేర్లు ఒక్కొక్కటి కళ్లతో సరిచూడండి.

13. ఫైలు పేరులో సంవత్సరం ముందు, తర్వాత నెల, రోజు, ఊరు, విషయం, వరుస సంఖ్య. అప్పుడు ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి. వాట్సాప్‌లో పంపాలంటే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గించేస్తుంది. మూడు కాపీలు ఉండాలి, అందులో ఒకటి ఇంకో ఊళ్లో చుట్టం ఇంట్లో.

14. అందరికీ చూపించే ముందు మళ్లీ అడగండి. రికార్డు చేయనిచ్చారంటే ఇంటర్నెట్‌లో పెట్టమన్నట్టు కాదు. భార్యకు రాసిన దుబాయి ఉత్తరం ఆమెది. ఆమె వద్దంటే మీ ప్రాజెక్టులో ఆ పేజీ ఖాళీగా ఉండనివ్వండి. ఊరి గుడి, చెరువు, బడి ఫొటోల వంటివి తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీకి చేర్చండి. పని అయ్యాక రికార్డింగును ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, మాట్లాడిన అవ్వ ఇంటికి పోయి, టీవీకి పెట్టి వినిపించి రండి.

దసరా సెలవులకు ఇంటికి పోతున్నారు గదా. ప్రాజెక్టు ఏదో తర్వాత తేల్చుకుందురు. పోయిన రోజే క్యాసెట్లు వెతికి, ఆ రెండు చెక్కలు విరిచేయండి.