పెద్ద ఓడకు చిన్న తోడు

నౌకాశ్రయం అనగానే సముద్రతీరమే మనసులో మెదులుతుంది. కాని సముద్రానికి దాదాపు 3,700 కిలోమీటర్ల దూరాన, ఖండం నడిబొడ్డున, వేల టన్నుల సరుకును ఓడలకెత్తే రేవు ఒకటుంది. అది అమెరికాలోని దులూత్. సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఆంటారియో అనే ఐదు మహాసరస్సులు, వాటిని కలిపే నదులే ఈ రేవుకు ప్రాణాధారం. భూమి ఉపరితలంపై ద్రవరూపంలో ఉన్న మంచినీటిలో సుమారు ఐదోవంతు ఈ సరస్సులలోనే ఉంది.

ఈ జలమార్గం మానవ ప్రయత్నం లేకుండా సిద్ధించలేదు. సుపీరియర్ నుండి హ్యూరాన్‌కు ప్రవహించే సెయింట్ మేరీస్ నది ఒకచోట సుమారు 21 అడుగుల మేర కిందికి దిగుతుంది. 1855లో అక్కడ లాకులు ఏర్పడ్డాయి. మెట్లు దిగినట్లు ఓడలు ఒక మట్టం నుండి మరొక మట్టానికి దిగసాగాయి. కాలక్రమంలో మిన్నెసోటా గనుల ముడి ఇనుము ఈ దారిలోనే ఉక్కు కర్మాగారాలకు చేరింది. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం ప్రారంభం కావడంతో పెద్ద సముద్రనౌకలకు సైతం ద్వారాలు తెరుచుకున్నాయి.

సరస్సులో స్వేచ్ఛగా సాగే ఓడకు అసలు పరీక్ష రేవు ముఖద్వారంలో ఎదురవుతుంది. వేగం తగ్గినకొద్దీ చుక్కాని పట్టు సడలుతుంది. గాలి, ప్రవాహం ఓడను పక్కకు నెడతాయి. అప్పుడు ఆదుకొనేది టగ్గు పడవ. దాని దేహం చిన్నది, యంత్రబలం మాత్రం పెద్దది. బలమైన మోకుతో లాగుతుంది. రబ్బరు కవచం తొడిగిన ముక్కుతో నెడుతుంది. చలికాలంలో మంచుగడ్డలను పగులగొట్టి దారి చేస్తుంది. తెరచాప ఓడల కాలంలో డిట్రాయిట్ నదిలో ఒక్కొక్క టగ్గు అనేక ఓడలను వరుసగా కట్టి లాగుకొనిపోయేది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత దానికి చక్కగా వర్తిస్తుంది. నేటి ఓడలలో చాలా వాటికి ముందు భాగాన ప్రత్యేక యంత్రాలున్నా, ఇరుకైన మలుపులలో, ఈదురుగాలులలో టగ్గు అవసరం తీరలేదు.

రేవు విలువ తుపానులోనే తెలుస్తుంది. 1975 నవంబరు 9న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే 729 అడుగుల ఓడ సుమారు 26,000 టన్నుల ఖనిజంతో సుపీరియర్ రేవు నుండి బయలుదేరింది. మరునాటి రాత్రి, ఆశ్రయమివ్వగల వైట్‌ఫిష్ అఖాతం ఇంకా కొన్ని కిలోమీటర్లే ఉండగా, భీకర తుపానులో మునిగిపోయింది. అందులోని 29 మందిలో ఒక్కరూ మిగలలేదు. మరునాడు డిట్రాయిట్‌లోని నావికుల చర్చిలో గంట 29 మార్లు మోగింది.

అంతటి ఓడకైనా ఒడ్డు చేరేవరకు ప్రయాణం పూర్తి కాదు. ఆ చివరి కొద్ది దూరంలో తోడు నిలిచే చిన్న పడవ, దానిని నడిపే శ్రామికుడు ఎవరి కంటా పడరు. అయినా సరుకు క్షేమంగా గట్టు చేరడంలో వారి పాలు ఎంతో ఉంది. ఏరు దాటి తెప్ప తగలేయకుండా, ఆ మేలును గుర్తుంచుకోవడం లోకధర్మం.